ఎండిన బోరు, పనైపోయిన టెలిస్కోప్

సార్, మీ బడిలో పదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న రెండు రోజులుగా మనసులో తిరుగుతూనే ఉంది. "హబుల్ చచ్చిపోతే దాన్ని యాడ పూడుస్తారు?" అని అడిగిందట ఆ పిల్ల. హబుల్ అంటే భూమి చుట్టూ తిరుగుతున్న టెలిస్కోప్. ఆ ప్రశ్నకు మీరు ఇంకో మూడు కలిపారు. కిందికి దించి మ్యూజియంలో పెట్టొచ్చు కదా, పైనే వదిలేస్తే ఏమవుతుంది, మన ఆదోని మీద పడుతుందా అని. నేను ఉపగ్రహాలను నడిపే కంట్రోల్ రూములో 27 ఏళ్లు షిఫ్టులు చేసి, రిటైరయ్యాక అనంతపురం వచ్చేశాను. నక్షత్రాలను చదివిన శాస్త్రవేత్తను కాను. బ్యాటరీ ఎంత ఉంది, ట్యాంకులో ఇంధనం ఎంత మిగిలింది, యంత్రం మన మాట వింటోందా లేదా అని చూసుకోవడమే నా పని. నా జవాబు కూడా అక్కడి నుంచే వస్తుంది.

ముందు మా తమ్ముడి పొలం సంగతి చెప్పాలి. కళ్యాణదుర్గం దగ్గర. ఆరు బోర్లు వేశాడు, నాలుగు ఎండిపోయాయి. బోరు వేసే రోజు టెంకాయ కొడతాం, బోరు బండి వాళ్లకు అన్నాలు పెడతాం, ఎన్ని అడుగులకు తడి మట్టి వస్తుందా అని రాత్రంతా మేలుకుని చూస్తాం. నీళ్లు ఆగిపోయాక మాత్రం కేసింగ్ పైపు పీకి ఇంకో బోరుకు వాడుకుని, గుంత మీద ఒక బండో గోనెసంచో వేసి వచ్చేస్తాం. అట్లాంటి గుంతల్లో పిల్లలు పడ్డ వార్తలు మీరూ చదివే ఉంటారు. బోరు ఖర్చుతో పోలిస్తే మూత ఖర్చు ఎంత? కానీ ఆ రోజుకు చేతిలో డబ్బు ఉండదు, చేయాలన్న మనసూ ఉండదు. అందుకే మూత డబ్బులు బోరు వేసే రోజే పక్కన పెట్టాలని నేను వాడితో ఎప్పుడూ పోట్లాడతాను.

హబుల్‌కు ఆ మూత డబ్బులు పక్కన పెట్టలేదు. 1990 ఏప్రిల్‌లో డిస్కవరీ షటిల్ (మనుషులతో పైకి పోయి తిరిగి దిగే అమెరికా వాహనం) దాన్ని సుమారు 610 కిలోమీటర్ల ఎత్తులో వదిలింది. సొంత ఇంజిన్ లేదు. ఇంజిన్ వదిలే వాయువులు 2.4 మీటర్ల అద్దం మీద పేరుకుంటాయన్న భయం ఒకటి, షటిల్ ఎట్లాగూ వస్తూ పోతూ ఉంటుంది కదా అన్న ధైర్యం ఒకటి. 1993 నుంచి 2009 దాకా ఐదుసార్లు వ్యోమగాములు వెళ్లి బాగుచేశారు. చివరికి ఒక షటిల్‌లోనే కిందికి తెచ్చి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో పెట్టాలన్న ఆలోచన కూడా నిజంగానే ఉండింది. 2003లో కొలంబియా అనే షటిల్ కూలిపోయి ఏడుగురు చనిపోయాక, ఒక పాత యంత్రాన్ని ఇంటికి తేవడానికి మనుషుల ప్రాణాలు పణం పెట్టడం తగదని ఆ ఆలోచన మానుకున్నారు. 2011లో షటిళ్లే ఆగిపోయాయి. 13 మీటర్ల పొడవు, 12 టన్నుల బరువున్న వస్తువును క్షేమంగా దించగల వాహనం ఇప్పుడు లేదు.

మ్యూజియం కోరిక నాకూ ఉంది సార్, కాదనను. కొంత తీరింది కూడా. 2009లో విప్పి తెచ్చిన పాత కెమెరా, హబుల్ అద్దం లోపాన్ని సరిచేసిన కోస్టార్ పరికరం ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. నన్నడిగితే అది చాలు. తాతగారి కళ్లజోడు దాచుకుంటాం, ఇల్లంతా దాచుకోం కదా.

ఇక పైనే వదిలేస్తే సంగతి. 600 కిలోమీటర్ల దగ్గర కూడా గాలి పూర్తిగా లేకుండా పోదు. చాలా పలుచగా ఉంటుంది. ఆ పలుచటి గాలే రోజూ కాస్త కాస్త రాసుకుంటూ ఉపగ్రహాన్ని కిందికి లాగుతుంది. సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, రాపిడి పెరుగుతుంది. ఈ మధ్య ఏళ్లలో జరిగింది అదే. హబుల్ ఇప్పుడు 500 కిలోమీటర్ల లోపుకు వచ్చేసింది. ఎవరూ ముట్టుకోకపోతే 2030ల్లోనే, కాకుంటే ఆ తర్వాత కొన్నేళ్లకు తనంతట తానే పడుతుంది. ఎక్కడ పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అది సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పోతుంటుంది. పడే సమయం లెక్కలో పది నిమిషాలు అటూ ఇటూ అయిందంటే పడే చోటు 4,500 కిలోమీటర్లు జరుగుతుంది. కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా ఉన్న దూరం కన్నా ఎక్కువ.

ఆదోని మీద పడుతుందా అంటే, పడే దారిలో ఆదోని ఉంది. హబుల్ కక్ష్య భూమధ్యరేఖకు 28.5 డిగ్రీలు వంగి ఉంటుంది. కాబట్టి ఉత్తరాన 28.5 నుంచి దక్షిణాన 28.5 డిగ్రీల మధ్య ఉన్న నేల మీదుగానే అది తిరుగుతుంది. కర్నూలు, అనంతపురం, కడప 14, 16 డిగ్రీల మధ్య ఉన్నాయి. లండన్ వాళ్లకు ఈ టెన్షన్ లేదు, మనకు ఉంది. అయినా ఒక ఊరి మీద, ఒక మనిషి మీద పడే అవకాశం లెక్కలోకి రానంత తక్కువ. ఆ అమ్మాయిని నిశ్చింతగా నిద్రపొమ్మనండి. లెక్క చూడాల్సింది ఇంకో రకంగా. భూమి మీద ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరికి దెబ్బ తగిలే అవకాశం పదివేలకు ఒకటి దాటకూడదని అమెరికా వాళ్లు తమకు తామే నియమం పెట్టుకున్నారు. హబుల్‌ను ఊరికే వదిలేస్తే అది ఆ గీతను చాలా రెట్లు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది, దానితో చిక్కు లేదు. టైటానియం భాగాలు, గాజు అద్దం అంత తేలిగ్గా కాలిపోవు.

ఇది ఊహ అనుకోకండి. జర్మనీ వాళ్ల రోసాట్ అనే ఎక్స్‌రే టెలిస్కోప్ ఉండేది, సుమారు 2.4 టన్నులు. 1990లో ఎగిరింది, 1999లో పని ఆపేసింది. దానికీ ఇంజిన్ లేదు. వేడికి లొంగని గాజుతో చేసిన అద్దాలు ఉన్నందువల్ల ఒకటిన్నర టన్నుకు పైగా బరువు కాలకుండా కిందికి రావచ్చని వాళ్లే చెప్పారు. 2011 అక్టోబర్ 23, మన టైము ప్రకారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు వాతావరణంలోకి దూరింది. ఎక్కడనుకున్నారు? బంగాళాఖాతం మీద. పది నిమిషాల తేడాకు 4,500 కిలోమీటర్లని పైన చెప్పిన లెక్క మళ్లీ ఒకసారి చూడండి. ఆ ఆదివారం మన ఊళ్లలో అందరూ దోసెలు తింటున్నారు, ఎవరికీ తెలియదు.

తెలిసిన కాలం కూడా ఒకటి ఉంది. 1979లో అమెరికా వాళ్ల స్కైలాబ్ పడిన కాలం. మీరు పుట్టి ఉండరు. నాకప్పుడు 15 ఏళ్లు, పత్తికొండ దగ్గర మా అవ్వ వాళ్ల ఊళ్లో ఉన్నాను. రేడియోలో విన్న సగం, పేటలో విన్న సగం కలిసి ఊరంతా పాకింది. మా అవ్వ పెంచిన కోళ్లన్నీ ఆ వారంలోనే కూరయ్యాయి. "పడేది ఎట్లా పడుతుంది, కోడిని ఎందుకు మిగల్చాల?" అనింది. సంగటితో అంత బాగా తిన్న వారం మళ్లీ రాలేదు. జులై 11న అది హిందూ మహాసముద్రం దాటి పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ చుట్టుపక్కల ముక్కలై పడింది. రోడ్ల మీద చెత్త వేసినందుకని అక్కడి మున్సిపాలిటీ వాళ్లు నాసాకు సరదాగా 400 డాలర్ల జరిమానా రాశారు. స్కైలాబ్ అంటే అంతరిక్ష కేంద్రమే కానీ అందులో సూర్యుణ్ణి చూసే టెలిస్కోపుల గుత్తి ఒకటి ఉండేది. అవి ఫొటో ఫిల్ములు వాడేవి. ఆ ఫిల్ములను వ్యోమగాములు 1974 ఫిబ్రవరికల్లా కిందికి తెచ్చేశారు. పడింది ఖాళీ డబ్బా.

సరైన పద్ధతి చూడాలంటే కాంప్టన్ గామా కిరణాల టెలిస్కోప్‌ను చూడాలి. 1991లో ఎగిరింది, బరువు సుమారు 17 టన్నులు. దీనికి సొంత ఇంజిన్లు ఇచ్చారు. దిశ తప్పకుండా చూసే గైరోలు మూడు ఉంటే 1999 డిసెంబర్‌లో ఒకటి పాడైంది. పరికరాలు ఇంకా భేషుగ్గా పనిచేస్తున్నాయి. ఇంకొక గైరో కూడా పోతే దాన్ని అదుపులో కిందికి దించడం కష్టమవుతుందని నాసా భయపడింది. పనిచేస్తున్న టెలిస్కోప్‌ను 2000 జూన్ 4న కావాలని పసిఫిక్ సముద్రంలో కూల్చేసింది. శాస్త్రవేత్తలు చాలామంది కోప్పడ్డారు, గైరోలు తగ్గినా దించొచ్చని వాదించారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ కంట్రోల్ రూములో కూర్చున్నవాడిగా నేను కూల్చిన వాళ్ల వైపే ఉంటాను. యంత్రం మాట వింటున్నప్పుడే చివరి పని చెప్పాలి. మాట వినడం మానేశాక మన దగ్గర ఉండేది ప్రార్థన ఒక్కటే.

కాబట్టి హబుల్‌కు ఏం చేయాలి? నా లెక్క ఇది. సుమారు 480 కిలోమీటర్ల ఎత్తులో దాని వేగం గంటకు 27,400 కిలోమీటర్లు అనుకోండి. అందులో 450 తగ్గిస్తే చాలు, కక్ష్య అవతలి కొన 50 కిలోమీటర్లకు దిగి, నేరుగా వాతావరణంలో దూరిపోతుంది. 12 టన్నుల వస్తువుకు అంత బ్రేకు వేయడానికి మామూలు ఉపగ్రహ ఇంధనమైతే ఏడు వందల కిలోలకు అటూ ఇటూగా పడుతుంది. సర్దుబాట్లకు ఇంకొంత కలుపుకోండి. అసాధ్యమేమీ కాదు. 2009లో చివరిసారి వెళ్లిన వ్యోమగాములు, ముందు ముందు ఏదైనా వాహనం వచ్చి పట్టుకోవడానికి వీలుగా దాని అడుగున ఒక రింగు బిగించి వచ్చారు. మూత డబ్బులు కాకపోయినా, మూత బిగించే చోటు మాత్రం సిద్ధం చేసి పెట్టారు. ఒక రోబో ఇంజిన్ పోయి ఆ రింగుకు తగులుకోవాలి. దక్షిణ పసిఫిక్‌లో నీమో బిందువు అని ఒకటుంది, ఎటు చూసినా దగ్గరి నేల 2,688 కిలోమీటర్ల దూరం. ఆ పరిసరాల్లో దించాలి. మీ అమ్మాయికి సూటిగా జవాబు చెప్పాలంటే పూడ్చేది అక్కడ.

దించే బదులు పైకి తోసేయమనే వాళ్లు ఉన్నారు. రెండు రకాల పైకి తోయడం ఉంది, కలపకూడదు. పనిచేస్తున్న టెలిస్కోప్‌కు ఇంకో పదేళ్లు ఇవ్వడానికి తోస్తే మంచిదే. 2004లో ఎగిరిన స్విఫ్ట్ టెలిస్కోప్ ఇట్లాగే వేగంగా కిందికి జారుతుంటే, రోబో వాహనంతో పైకి లేపమని నాసా 2025 సెప్టెంబర్‌లో ఒక ప్రైవేటు కంపెనీకి 30 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. మనవాళ్లు 2025 జనవరి 16న స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను అంతరిక్షంలో కలిపిన పని కూడా ఈ దారిలో మొదటి మెట్టే. కానీ చచ్చిన టెలిస్కోప్‌ను వెయ్యి కిలోమీటర్లకు తోసి "వెయ్యేళ్లు అక్కడే తిరుగుతుందిలే" అనడం అప్పును మనవళ్ల పేరున రాయడం. 2009 ఫిబ్రవరిలో సుమారు 790 కిలోమీటర్ల ఎత్తులో ఒక చచ్చిన రష్యా ఉపగ్రహం, పనిచేస్తున్న ఇరిడియం ఉపగ్రహాన్ని గుద్దుకుని రెండూ వేల ముక్కలయ్యాయి. పైకి తోసిన హబుల్‌కు అట్లాంటి దెబ్బ తగిలితే ఒక్క 12 టన్నుల చెత్త కాస్తా లక్ష చెత్తలవుతుంది.

కాల్చి పారేయడంలో పాపం లేదా అంటే ఉంది. 2023లో అమెరికా పరిశోధకులు విమానం పంపి పై వాతావరణపు గాలిని పట్టి చూస్తే, స్ట్రాటోస్ఫియర్‌లోని సల్ఫ్యూరిక్ ఆమ్లపు నలకల్లో పదింట ఒకదానిలో కాలిపోయిన రాకెట్లు, ఉపగ్రహాల లోహాలు కనిపించాయి. వేల సంఖ్యలో పడే చిన్న ఉపగ్రహాల ముందు ఒక టెలిస్కోప్ వాటా ఎంతో ఉండదు. అందుకే నేను దీన్ని హబుల్ లెక్కలో వేయను.

దూరంగా ఉన్నవాటి కథ వేరు, అది త్వరగా చెప్పేస్తాను. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ మనకు 15 లక్షల కిలోమీటర్ల అవతల, ఎల్2 అనే చోట ఉంది. అక్కడ నిలబడాలంటే మధ్యమధ్యలో ఇంజిన్ కాస్త వెలిగిస్తూ ఉండాలి. చివరికి మిగిల్చిన ఇంధనంతో ఒక తోపు తోస్తే సూర్యుడి చుట్టూ తిరిగే దారిలోకి పోతుంది, మన మీద పడదు. యూరప్ వాళ్ల హెర్షెల్ టెలిస్కోప్‌కు 2013లో అదే చేశారు. దాన్ని చంద్రుడికి కొట్టి నీళ్లు ఎగురుతాయేమో చూద్దామన్న ఆలోచన వచ్చింది కానీ మానుకున్నారు. కెప్లర్ టెలిస్కోప్ 2018లో ఇంధనం అయిపోయి ఆగింది, అది మొదటి నుంచీ సూర్యుడి చుట్టూ తిరిగేదే. దానికి చివరి ఆదేశాలు పంపింది నవంబర్ 15న. దానికి పేరిచ్చిన పాతకాలపు ఖగోళ శాస్త్రవేత్త జొహానెస్ కెప్లర్ చనిపోయిన తారీఖు కూడా అదే.

యూరప్ వాళ్ల గయా టెలిస్కోప్ సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అది నా వృత్తికి సంబంధించింది. 2025 జనవరిలో పరిశీలనలు ఆపి, మార్చి 27న దాన్ని పూర్తిగా ఆర్పేశారు. ఆర్పడం అంటే స్విచ్ వేసినట్టు కాదు. ఏ భాగం పాడైనా తనంతట తాను లేచి మళ్లీ పనిచేసేలా ఆ యంత్రాన్ని తయారు చేసి ఉంటారు. కంప్యూటర్ ఆగితే రెండోది లేస్తుంది, ఎండ తగిలితే బ్యాటరీ నిండి రేడియో మొదలవుతుంది. అట్లా పదేళ్ల తర్వాత ఎక్కడో లేచి కూతలు పెడితే ఆ ఫ్రీక్వెన్సీ వాడుకునే ఇంకొకరికి అడ్డం. అందుకని ఒక్కొక్క రక్షణనూ విప్పుకుంటూ వచ్చారు. చివరికి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మీద ఆ ప్రాజెక్టులో పనిచేసిన సుమారు 1,500 మంది పేర్లు రాసి దాన్ని చెరిపేశారు. ఇంజినీర్లకు ఏడుపు రాదని అనుకుంటారు జనం. నేను ఒక ఉపగ్రహానికి ఆఖరి కమాండు పంపిన రాత్రి షిఫ్టులో ఎవరూ టీ తాగలేదు.

ఈ ఆర్పడాన్నే పాసివేషన్ అంటారు. ట్యాంకులో మిగిలిన ఇంధనం వదిలేయడం, తిరిగే చక్రాలను ఆపడం, బ్యాటరీకి సోలార్ పలకల నుంచి వచ్చే తీగ తెంపడం, రేడియో కట్టడం. భూమికి దగ్గరలో ఉండిపోయేవాటికి ఇది ఇంకా ముఖ్యం. 2015 ఫిబ్రవరిలో అమెరికా వాళ్ల పాత వాతావరణ ఉపగ్రహం ఒకటి బ్యాటరీ లోపంతో ముక్కలైంది.

మనవాటి సంగతి అడగలేదు గానీ అడగాల్సింది. ఆస్ట్రోశాట్ మన మొదటి ఖగోళ పరిశీలక ఉపగ్రహం. 1,515 కిలోలు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరింది. ఐదేళ్లు పనిచేయాలని కట్టింది పదేళ్లు దాటింది. 650 కిలోమీటర్ల ఎత్తులో, భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల వంపులోనే తిరుగుతుంది. కన్యాకుమారే ఎనిమిది డిగ్రీల దగ్గర ఉంది, అంటే మన టెలిస్కోప్ మన నేల మీదుగా పోనే పోదు. అంత ఎత్తు నుంచి దానంతట అది రావాలంటే దశాబ్దాల లెక్క. వచ్చే రోజు దాని కింద ఉండేది కెన్యా, ఇండోనేషియా, ఈక్వడార్ లాంటి దేశాలు. వాళ్ల ఊళ్లలోనూ మా అవ్వలాంటి వాళ్లు ఉంటారు కదా.

ఇస్రో ఈ విషయంలో ఈ మధ్య బాగానే చేస్తోంది. మేఘ ట్రాపిక్స్ ఉపగ్రహాన్ని ఇట్లా దించుతామని కట్టలేదు. అయినా 120 కిలోల దాకా ఇంధనం మిగిలింది కాబట్టి 867 కిలోమీటర్ల నుంచి అంచెలంచెలుగా దించి, 2023 మార్చి 7న పసిఫిక్‌లో కూల్చారు. వదిలేసి ఉంటే వందేళ్లకు పైగా తిరిగేది. ఎక్స్‌పోశాట్ టెలిస్కోప్‌ను 2024 జనవరి 1న మోసుకెళ్లిన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ చివరి అంచెను కూడా 650 నుంచి 350 కిలోమీటర్లకు దించారు, అది మార్చి 21కే పడిపోయింది. 2030 నాటికి చెత్త మిగల్చని ప్రయోగాలే చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఇకపై కట్టే ప్రతి టెలిస్కోప్‌లోనూ దించే ఇంధనం అద్దంతో పాటే డ్రాయింగులో ఉండాలి. ఆ ఇంధనానికి తాళం వేసి తాళంచెవి శాస్త్రవేత్తల చేతికి ఇవ్వకూడదు. ఇంకొక్క ఆరు నెలలు అంటూ వాడేస్తారు, నాకు తెలుసు.

మీ పిల్లలకు ఇంకొకటి చెప్పండి. జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి వానకు జనం పొలాల్లో వజ్రాలకు వెతుకుతారు కదా, ఆ కళ్లతో ఎప్పుడైనా నల్లగా కాలిన లోహపు గోళమో రింగో కనిపిస్తే ముట్టుకోవద్దు. లోపల హైడ్రజీన్ అనే విషపు ఇంధనం మిగిలి ఉండొచ్చు. 2022 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా ఊళ్లలో ఒక రాకెట్ రింగు, గోళాలు నిజంగానే పడ్డాయి. పోలీసులకు చెప్పాలి. దొరికింది కాబట్టి మనదే అనడానికి లేదు. 1967 నాటి అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం ప్రకారం అది ఎగరేసిన దేశానిదే. నష్టం జరిగితే పరిహారం ఇవ్వాల్సిందీ ఆ దేశమే. 1978లో కెనడాలో పడ్డ కాస్మాస్ 954 ఉపగ్రహం విషయంలో సోవియట్ యూనియన్ 30 లక్షల కెనడా డాలర్లు కట్టింది.

ఇక టెలిస్కోప్ పోయాక మిగిలేది అది రాసి పెట్టిన లెక్కలు. ఆస్ట్రోశాట్ సమాచారం బెంగళూరు దగ్గర బ్యాలాలులోని ఇస్రో కేంద్రం నుంచి అందరికీ దొరుకుతుంది. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసే పిల్ల ఒక ల్యాప్‌టాప్‌తో దాని మీద పనిచేయొచ్చు. దాన్ని దాచడానికి, పాత ఫార్మాట్ల నుంచి కొత్తవాటికి మార్చడానికి డబ్బు, మనుషులు కావాలి. టెలిస్కోప్ ఆరిన రోజే ఆ బడ్జెట్ కూడా కోసేస్తారు. నా దృష్టిలో ముక్కలు పసిఫిక్‌లో పడటం కన్నా పెద్ద నష్టం అది.

మీ అమ్మాయికి హబుల్‌ను చూపించండి సార్. మన అక్షాంశం నుంచి అది కొన్నిసార్లు నడినెత్తి మీదుగానే పోతుంది. ఊరి లైట్లు లేని చోట నిలబడాలి. ఉపగ్రహాల టైములు చూపే యాప్ ఏదైనా పెట్టుకుంటే కొన్ని రోజులు వరసగా సాయంత్రం పూట, మళ్లీ కొన్ని వారాలకు తెల్లవారుజామున కనిపించే టైములు వస్తాయి. మిణుకుమిణుకుమనదు, ఎర్ర లైటు ఉండదు. పడమటి నుంచి తూర్పుకు నాలుగైదు నిమిషాలు నడిచి, ఒక్కోసారి నడి ఆకాశంలోనే ఆరిపోయినట్టు మాయమవుతుంది. భూమి నీడలోకి పోయిందన్నమాట. గంటన్నర దాటాక ఇంకో చుట్టు తిరిగి వస్తుంది కానీ అప్పటికి రాత్రి ముదిరి చాలాసార్లు అది భూమి నీడలోనే ఉంటుంది, కనపడదు.